ఏడో పిడికిలి

‘దరియా దౌలత్’ సీరియల్, పద్నాలుగో భాగం

ఇంతదాకా నడిచింది నాలుగు మాటల్ల చెప్పుకుందాం. నలభై ఏండ్ల కింద సిద్దిపేట నేతగాళ్ల గల్లీల దుబ్బయ్య అనే మనిషి మగ్గం ఆగిపోయి భీవండికి పోయిండు. మళ్ల రాలే. దుబాయ్ పోయిండని భీవండికెల్లి వచ్చిన కొడుకు దేవదాసు చెప్పిండు, పెండ్లాం కనకవ్వ నమ్మింది. గల్ఫ్ నుంచి ఎవరు దిగినా వాళ్లింటికి పోయి ఫొటో చూపెట్టింది. రెండేండ్ల కింద ఒక చావింట్ల, భీవండిల దుబ్బయ్యతోని ఒకే రూముల ఉన్న ముసలాయన అసలు సంగతి బయటపెట్టిండు. దుబ్బయ్య దుబాయ్ పోలే. బొంబాయి రేవుల వలలు బాగుచేసే పనికి కుదిరి, దరియా దౌలత్ అనే చేపల పడవెక్కిండు. ఆ పడవ మళ్ల ఒడ్డు చూడలే. అప్పటినుంచి మనుమరాలు, దేవదాసు బిడ్డ సుచిత్ర ఆ పడవను వెతుకుతున్నది. పోయిన వారం, రేవుల రిటైరైన గుమాస్తా పంపిన కొరియర్ కవరు ఆమె చేతికొచ్చింది. ఆమె చించింది. మనం అక్కడ ఆగినం.

*

కవర్ల రెండే కాయితాలు. రెండూ జిరాక్సులు. ఒకటి ఇంగ్లిష్ టైపు, ఇంకోటి మరాఠీ చేతిరాత.

సుచిత్ర మీసేవ సెంటర్ల పనిచేస్తది. రోజుకు రెండు వందల దరఖాస్తులు చూసే కండ్లు ఆమెవి. టైపు కాయితం మీద పడవ గురించి పదకొండు వరుసలున్నయ్. రిజిస్టర్ నంబరు, పొడుగు, వెడల్పు, ఇంజన్ ఎప్పటిది, ఏ రంగు వేసిన్రు, ఏ రోజు ఏ గంటకు రేవు దాటింది. దాని కింద తొమ్మిది మంది మనుషులు. మనిషికి ఒక్క వరుస. పేరు, పని, ఊరు, అయిపోయింది. కట్టెకు పదకొండు వరుసలు, మనిషికి ఒకటి. పేదోని పేరు ఈ దేశపు కాయితాలల్ల ఎక్కడ పడి ఉంటదో తెలుసుకోవాలంటే గిసువంటిది ఒక్కటి చూస్తే సాలు.

తొమ్మిదో వరుస: దుబ్బయ్య, వలలు బాగుచేసేటోడు, సిద్దిపేట.

రెండేండ్లు వెతికిన పేరు. ఎన్ని ఆఫీసులకు ఫోన్లు చేసింది, ఎంతమంది విసుక్కున్నరు, ఎంతమంది నవ్విన్రు. సిద్దిపేటోళ్లకు సముద్రమేంది తల్లీ అని ఒకడు అడిగిండు. ఇగో, పేరు దొరికింది. ఆమె ఏడ్వాలె. ఏడ్వలే. అప్పటికే ఆమె కన్ను రెండో కాయితం మీద పడ్డది.

మరాఠీ రాదు కాని హిందీ అక్షరాలే కాబట్టి కూడబలుక్కుంది. మృత్యు అనే మాట రెండు చోట్ల ఉన్నది. తారీఖు 1984 డిసెంబర్. ఎడమ పక్క కింద మసి లెక్క ఒక వేలిముద్ర. కుడి పక్క కింద తెలుగుల ఒక సంతకం. దేవదాసు. సంతకం కింద గీత, గీత కింద రెండు చుక్కలు.

ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా తన ప్రోగ్రెస్ కార్డుల మీద ఆమె చూసిన గీత అది. అవే రెండు చుక్కలు.

సుచిత్ర ఇంకేం చదవలే. మిగిలిన ఎనిమిది పేర్లు చదవలే, వేలిముద్ర ఎవనిదని చూడలే. కాయితాలు మడిచి హ్యాండ్‌బ్యాగుల పెట్టుకున్నది.

తెల్లారితే పెత్రమాస.

*

పెత్రమాస అంటే ఈ జిల్లాల ఎవరికీ చెప్పక్కరలేదు. పొద్దున చచ్చిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చుడు, పొద్దుగూకినంక ఎంగిలిపూల బతుకమ్మ. చచ్చినోళ్లకు, పువ్వులకు ఒకటే దినం. కనకవ్వ ఇంట్ల పద్ధతేందంటే, ఒక్కొక్క పేరు చెప్పాలె, పేరుకొక పిడికెడు బియ్యం చాటల పొయ్యాలె, పోసే చెయ్యి కొడుకుది కావాలె. నలభై ఏండ్ల నుంచి దేవదాసు తాత పేరు మీద పోస్తుండు, నాయనమ్మ పేరు మీద పోస్తుండు. నాయిన పేరు మీద మాత్రం పొయ్యలే. పోసే ముచ్చట ఎత్తినోని మీద కనకవ్వ చీపురు లేపింది. మనిషి దుబాయ్‌ల ఉంటే బియ్యం ఎందుకు ఇస్తమని అడిగింది.

ఇప్పుడు ఆమెకు ఎనభై. గుండె బలహీనమైందని దవాఖానల చెప్పిన్రు. పడవ సంగతి తెలిసినంక మొన్న శ్రావణమాసంల ఒకనాడు సుచిత్రను పక్కన కూసోబెట్టుకొని చెప్పింది.

“పెత్రమాస లోపట తేల్చు బిడ్డా. ఉన్నడంటే ఈ బొట్టుతోని పోత. లేడంటే ఆయనకిన్ని బియ్యమిచ్చి పోత. నడుమల ఉండి సచ్చుడు నాతోని కాదు.”

తేల్చే కాయితం సుచిత్ర సంచిల ఉన్నది. బియ్యం తీసుకునే అయ్యగారు గల్లీకి వచ్చేది పదకొండుకు. తొమ్మిది గంటలకు ఆమె స్కూటీ తీసి నేతగాళ్ల సొసైటీ షెడ్డుకు పోయింది.

దారి పొడుగునా తంగేడు, గునుగు పువ్వుల కుప్పలు. పోరగాండ్లు గునుగుకు రంగులద్ది ఎండబెట్టిన్రు. ఒకప్పుడు ఆ షెడ్డుల అరవై మగ్గాలు ఆడుతుండె. ఇప్పుడు మూడు. పండుగని మిగిలిన ఇద్దరు రాలే. దేవదాసు ఒక్కడే గుంత మగ్గంల కాళ్లు పెట్టి, గొల్లభామ చీర అంచు నేస్తుండు. అంచుల భామ బొమ్మ, దాని నెత్తి మీద కుండ సగం అయింది.

సుచిత్ర కాయితం తీసి మగ్గానికి నిలువుగ గుంజి కట్టిన పోగుల పడుగు మీద పరిచింది. నేతగాని పడుగు మీద ఏ వస్తువూ పెట్టరు. చిన్నప్పుడు పలక పెడితే వీపు మీద ఒక్కటిచ్చిండు. ఇయ్యాల అడ్డం పోగు ఉరికించే నాడె చేతుల పట్టుకొని కాయితం దిక్కు చూసిండు. కండ్లద్దాలు పెట్టుకొనే ఉన్నడు, అయినా అంగి జేబుల అద్దాల కోసం వెతుక్కున్నడు.

“గిది నీ సంతకమేనా బాపూ?”

“నాదే.”

“ఎప్పటిసంది ఎరుక నీకు?”

“తారీఖు ఉన్నది కదా.”

ఆ జవాబుకు ఆమెకు ఒళ్లు మండింది. రెండేండ్ల నుంచి ఇదే మనిషి ముందట ఫోన్లు చేసింది. ఇదే మనిషి పక్కన కూసొని రేవు పటం తిప్పింది. ముసలాయన బయటపెట్టిననాడు, నాకూ దుబాయ్ అనే చెప్పిన్రు అన్నడు; ఎందుకు బిడ్డా ఈ తిప్పలు, ఉద్యోగం చూసుకో అని అన్నడే గాని, నాకు తెలుసు అని అనలే. అవన్నీ ఆమె అనేసింది. నేను ఎవని కోసం వెతుకుతున్ననో నీకు తెలుసు, వెతికితే ఏం దొరుకుతదో తెలుసు, నన్ను పిచ్చిదాన్ని చేసి చూసుకుంట కూసున్నవా అని అడిగింది. దేవదాసు నాడె పక్కన పెట్టిండు.

నెమ్మదిగనే చెప్పిండు. అప్పుడు అతనికి పందొమ్మిది. భీవండిల పవర్‌లూమ్ మీద పని. పడవ పోయిందని రూముకు కబురొచ్చింది. లోకల్ బండెక్కి ఒక్కడే రేవుకు పోయిండు. రెండు దినాలు ఒక ఆఫీసు మెట్ల మీద కూసున్నడు. మూడో దినం పిలిచి, ఇగ రారు, ఇక్కడ సంతకం పెట్టు అన్నరు. పెట్టిండు. ఒక మూట ఇచ్చిన్రు. అండ్ల ఒక అంగి, వల అల్లే వెదురు సూది ఉన్నయ్. మనిషి లేడు, మూట ఉన్నది.

అవ్వకు, కన్నతల్లి కనకవ్వకు, చెప్పుదామనే వచ్చిండు. రైలంత అదే మాట మనసుల అనుకుంట వచ్చిండు. సిద్దిపేట బస్టాండుల దిగి గల్లీ మొదట్ల అడుగు పెట్టేసరికి పోశమ్మ ఇంటి ముందట జనం. దేవదాసుకు ఆమె చిన్నమ్మ వరుస. మొగడు పోయి ఆనాటికి పది దినాలు. ఆమె కూడ అతని అవ్వ లెక్కనే పడుగులు అతికేది. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటి కలపాలె. వేళ్లకు బూడిద రాసుకొని మెలేస్తే రెండు పోగులు ఒకటైతయ్. ఒక చీర పడుగుకు వేల పోగులు. గల్లీల ఆ పనిల పోశమ్మను మించినోళ్లు లేకుండె. ఆ పొద్దున పోశమ్మ గాజులు పగలగొట్టిన్రు. ఆ పగటికి ఆమె అతకాల్సిన పడుగు కనకవ్వ చేతికి పోయింది. ఎందుకంటే కొత్త పడుగుకు మొదటి పోగు ముత్తైదువ కలపాలె, మగ్గానికి ముత్తైదువ బొట్టు పెట్టాలె. అది గల్లీ కట్టుబాటు.

పోగుకు తెలుస్తదా, మెలేసే వేలు మొగడున్నదానిదా లేనిదానిదా అని? బూడిదకు తెలుస్తదా? ఏ పుస్తకంల రాసున్నది? ఎవ్వరూ అడగలే. ముప్పై ఏండ్ల ఆడిదాని బతుకు తెరువు ఒక పొద్దుటి పూట రాయితోని కొట్టి పగలగొట్టిన్రు, పగటికి వేరేదానికి పని అప్పజెప్పిన్రు. గల్లీకి గల్లీ అన్నం తిని పండుకున్నది.

“అవ్వ ఆ పడుగు ముందట కూసొని ఉన్నది,” అన్నడు దేవదాసు. “వేళ్లకు బూడిద. వెనక తమ్ముడు, ఇద్దరు చెల్లెండ్లు. అన్నం తినుడు ఆ పనితోనే. నన్ను చూసి, నాయిన ఏడిరా అన్నది. దుబాయ్ పోయిండవ్వా అన్న. నోట్లకెల్లి గదే వచ్చింది.”

“పోశమ్మకు చేసింది తప్పని నీకు ఆనాడే తెలుసు. తెలిసినోడివి గల్లీ మీద తిరగబడాలె. కన్న అవ్వను మోసం చేసుడేంది?”

“పందొమ్మిదేండ్లు బిడ్డా నాకు.”

“ఇరవై తొమ్మిది రాలేదా? ముప్పై తొమ్మిది రాలేదా? నలభై ఏండ్లల ఒక్క దినం దొరకలేదా నీకు?”

“పెత్రమాస వచ్చినప్పుడల్లా చెప్దామనుకున్న. పొద్దున లేసి చూస్తే తలస్నానం చేసి, బొట్టు పెట్టుకొని, చాట ముందట కూసొని ఉంటది. నువ్వైతే చెప్దువా?”

సుచిత్ర కాయితం పడుగు మీదికెల్లి తీసుకున్నది. అయ్యగారు పదకొండుకు వస్తడు, నువ్వు చెప్తవా నన్ను చెప్పమంటవా, ఏదో ఒకటి ఇక్కడే తేల్చుమన్నది. దేవదాసు గుంతలకెల్లి కాళ్లు పైకి తీసిండు. భామ నెత్తి మీది కుండ సగంల ఉండంగనే మగ్గం దిగుడు అతని జన్మల ఎన్నడూ లేదు.

*

కనకవ్వ అరుగు మీద చాట ముందట పెట్టుకొని కూసున్నది. చాటల బీరకాయలు, గుమ్మడికాయ ముక్క, చింతపండు, ఉప్పు పొట్లం. అత్తకు, మామకు వేరువేరుగ రెండు జాగలు. మూడో జాగ ఖాళీగ పెట్టింది. పక్కన బియ్యం డబ్బా. సుచిత్ర తల్లి స్వరాజ్యలక్ష్మి లోపట పొయ్యి కాడ ఉన్నది.

కొడుకును చూడంగనే ముసలమ్మకు సగం అర్థమైంది. ఈ పూట మగ్గం దిగినవంటే మంచి కబురు కాదన్నది. కూసోమన్నది. అతను కూసోలే. నిలబడి మొదలుపెట్టిండు, నడుమ కూలబడి ముగించిండు. రేవు, ఆఫీసు మెట్లు, సంతకం, మూట, గల్లీ మొదట్ల పోశమ్మ ఇల్లు. ఒక్కటి కూడ దాచలే. వినుకుంట స్వరాజ్యలక్ష్మి కడప కాడికి వచ్చి నిలబడ్డది. ఆమెకూ ఇదే మొదటిసారి. ముప్పై అయిదేండ్లు కాపురం చేసిన మనిషి నోట్ల ఇంత మాట ఉండెనా అన్నట్టు మొగని దిక్కు చూసింది.

సుచిత్ర నాయనమ్మ ముఖం చూస్తున్నది. ఏడుస్తదనుకున్నది, పడిపోతదనుకున్నది. గుండె గోలీల డబ్బా చేతుల పట్టుకొనే ఉన్నది. కనకవ్వ ఒక్కటే అడిగింది.

“ఏ నెల?”

“కార్తీకమవ్వా.”

ఆమె వేళ్లు మడవవట్టింది. ఆ మాఘంల బాలవ్వ బిడ్డ పెండ్లికి పసుపు దంచినన్నది. మా ఎదురింటోళ్ల కోడలుకు సీమంతంల ఒడి నింపినన్నది. ఎన్ని పడుగులకు మొదటి పోగు కలిపిననో, ఎన్ని మగ్గాలకు బొట్టు పెట్టిననో, ఏ ఇంట్ల ఏ పండుగకు ముందట కూసున్ననో, పేరుపేరున చెప్పుకుంట పోయింది. వేళ్లు అయిపోయినయ్. మళ్ల మొదలుపెట్టింది.

“నన్ను దొంగను చేస్తివి కదరా,” అన్నది కొడుకును చూసి. “గల్లీ అంతటికి దొంగను చేస్తివి.”

సుచిత్రకు ఆగలే. నాయనమ్మ మోకాలు మీద చెయ్యి వేసి అడిగింది, “బాపమ్మా, నువ్వు కలిపిన పోగులల్ల ఒక్కటన్న తెగిందా? నువ్వు పసుపు దంచిన పెండ్లిళ్లల్ల ఒక్కటన్న చెడిపోయిందా?”

“తెగలే.”

“మరి?”

“గదేనే నాకు కోపం,” అన్నది కనకవ్వ. “నలభై ఏండ్లు మొగడు లేనిదాని చేత్తోనే అతికిన. ఒక్క పోగు తెగలే. మరి పోశమ్మ ఏం పాపం చేసిందని కూసోబెట్టినం? దాని గాజుల మీద రాయి ఎత్తినోళ్లల్ల నేనొకదాన్ని. పొద్దున రాయి ఎత్తిన, పగటికి దాని పడుగు ముందట కూసున్న. నాలుగేండ్లకు సచ్చిపోయె. ఇప్పుడు పోయి ఎవరి కాళ్లు మొక్కాలె?”

గల్లీ చివరకెల్లి పాట వినిపించింది. ఎవరో పిల్లలు పొద్దున్నే బతుకమ్మ పాటలు అందుకున్నరు. స్వరాజ్యలక్ష్మి లోపటికి పోయి నీళ్లు తెచ్చింది. కనకవ్వ తాగలే. బొట్టు మీదికి చెయ్యి పోతదని ముగ్గురూ ఎదురుచూసిన్రు. పోలే. ఆమె బియ్యం డబ్బా ముందటికి జరిపింది.

“ఎంతమందే ఆ పడవల?”

తొమ్మిది అని చెప్పింది సుచిత్ర.

“అందరి పేర్లు సదువు. వీనసువంటోడు ఒకడు ప్రతి ఇంట్ల ఉంటడు. వాళ్ల పెండ్లాలకు కూడ దుబాయ్ అనే చెప్పి ఉంటరు. బియ్యం ఇచ్చెటోడు ఉన్నడో లేడో.” కొడుకు దిక్కు గడ్డం ఎగరేసింది. “చెయ్యి కడుక్కొని రా. నీ చేత్తోనే పొయ్యాలె. నలభై ఏండ్లు ఎగ్గొట్టినవ్, ఇయ్యాల తొమ్మిది మందికి పొయ్యి.”

అట్ల అన్నది గాని ఆమె గొంతుల కోపం కంటే తొందర ఎక్కువున్నది. పదిన్నర దాటింది.

దేవదాసు చెయ్యి కడుక్కొని వచ్చి డబ్బాల చెయ్యి పెట్టిండు. సుచిత్ర టైపు కాయితం విప్పింది. నిన్నటిసంది మొదటిసారి మొదటి వరుస నుంచి చదివింది.

పాండురంగ్, పడవ నడిపేటోడు. పిడికెడు బియ్యం చాటల పడ్డయ్. కనకవ్వ ఆ పేరును తన నోటితోని మళ్లొకసారి అన్నది. రెండోది ధాకూ. అదేం పేరే అని అడిగింది. వాళ్ల దిక్కు పేరు బాపమ్మా అని చెప్పింది సుచిత్ర. ఏదైతేంది, తల్లి పెట్టుకున్న పేరు, పొయ్యిరా అన్నది. మూడోది, నాలుగోది అన్నదమ్ములవి, ఒకటే ఇంటిపేరు. ఇద్దరినీ ఒక్కతల్లే కన్నదా అని ముసలమ్మ ఆగిపోయింది. ఇద్దరికీ వేరువేరుగ పోయించింది. అయిదోది సులేమాన్, ఇంజన్ చూసేటోడు. సాయిబులకు పెత్రమాస ఉంటదా అని స్వరాజ్యలక్ష్మి గొణిగింది. నీళ్లల్ల మునిగినోనికి అన్నీ ఉంటయ్, నువ్వు ఊకో అన్నది అత్త. ఆరోది లక్ష్మణ్, వంట చేసేటోడు.

తాత పేరు తొమ్మిదోది. ఇంక మూడు పేర్లు. మూడు పేర్లు అయినంక బాపమ్మ నుదురు ఖాళీ అయితది. నేనే వెతికిన, నేనే తెచ్చిన అనుకున్నది సుచిత్ర. ఏడో వరుస మీద వేలు పెట్టింది. అక్షరాలు మసకగున్నయ్. వెలుగుకు పట్టి చదివింది.

“కొమురెల్లి. పడవ కూలి. ఊరు...” ఆమె ఆగింది. “కోహెడ.”

“కోహెడనా?” అన్నది కనకవ్వ. “మన కోహెడనా?”

గంట సేపు బస్సెక్కితే వచ్చే ఊరు. సముద్రం మీద మునిగిన పడవల సిద్దిపేట జిల్లా మనిషి ఇంకొకడు ఉన్నడు. నిన్నటిసంది కాయితం సంచిలనే ఉన్నది. ఏడో వరుస చదవాలని ఆమెకు తోచలే.

“పోనియ్, పక్క ఊరోడే. వానికి రెండు పిడికిళ్లు పొయ్యి,” అన్నది ముసలమ్మ.

బియ్యం పడలే.

దేవదాసు పిడికిలి చాట మీద ఉన్నది. మూసే ఉన్నది. వేళ్ల సందులకెల్లి రెండు గింజలు జారినయ్, అంతే.

“ఏందిరా, చెయ్యి తెరువు.”

“తెరవద్దవ్వా.”

“ఏమైంది?”

“గాయిన మునగలే,” అన్నడు దేవదాసు. “నాకు కాయితం సదివి చెప్పింది గాయినే.”

పిడికిలి అట్లనే పట్టుకొని చెప్పిండు. ఆఫీసుల ఆ మరాఠీ కాయితం అతనికి సమజ్ కాలే. బెంచీ మీద ఒక మనిషి కూసొని ఉండె. మన మాట మాట్లాడిండు. నాది కోహెడ తమ్మీ, కొమురెల్లి అంటరు అన్నడు. ఒక్కొక్క వరుసకు తెలుగు చెప్పిండు. సాక్షి కావాలంటే తనే వేలిముద్ర వేసిండు. చదువొచ్చినోడివి వేలిముద్రేంది అని దేవదాసు అడిగిండు కూడ. రెండు అరచేతులకు గుడ్డలు చుట్టుకొని ఉండె. చేతులు చూపెట్టిండు. రేవుల మూటలు మోసేటోడు, తాళ్లకు చేతులు కోసుకుపోయినయ్ అని దేవదాసు అనుకున్నడు. పడవల పోయినోళ్ల పేర్లు ఎవ్వరూ అతనికి చూపెట్టలే. ఇయ్యాల బిడ్డ చదివేదాకా అతనికి తెలియదు.

సుచిత్ర రెండో కాయితం లాగింది. వేలిముద్ర కింద మరాఠీల సన్నగ ఒక పేరుంది. నిన్న మరక అనుకొని వదిలేసిన జాగ. అక్షరం అక్షరం కూడబలుక్కున్నది. కొమురెల్లి, కోహెడ. రెండు కాయితాలు అరుగు మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి, పడవతోని పోయిన తొమ్మిది మందిల అతన్ని రాసింది. ఇంకోటి, పడవ పోయిన మూడు వారాలకు అతని బొటనవేలు చూపెడుతున్నది.

“నీతోని ఇంకేమన్నడు?” అని అడిగింది. “బాపూ, గుర్తు చేసుకో. ఇంకేమన్నడు?”

“మెట్లు దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి, నీళ్లు మస్తు సల్లగుండె తమ్మీ, అన్నడు.” దేవదాసు పిడికిలి ఇంకింత బిగించిండు. “రేవుల పనిచేసేటోడు, చలి సంగతి చెప్తుండు అనుకున్న. పందొమ్మిదేండ్లు నాకు. నాకేం తెలుసు?”

గల్లీ మలుపు కాడ అయ్యగారి మోపెడ్ ఆగిన సప్పుడైంది. ఇంకో ఇంటి తర్వాత ఇక్కడికే. స్వరాజ్యలక్ష్మి ఖాళీ జాగ దిక్కు చూసింది, అత్త నుదురు దిక్కు చూసింది.

కనకవ్వ లేచింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, ఎవరూ పట్టుకోకుండ తనే లేచింది. కొడుకు మణికట్టు పట్టుకొని పిడికిలి తన కొంగుల విప్పించి ముడేసింది. డబ్బాలకెల్లి ఇంకో పిడికెడు తనే తీసుకొని పక్కనే వేరే ముడేసింది. అత్తది, మామది, ఆ ఆరుగురిది అయ్యగారికి ఇయ్యుమని కోడలికి చెప్పింది. ఎనిమిదో పేరు ఎవరిదో సుచిత్రను అడిగి, అది కూడ కొడుకును పొయ్యుమన్నది. తర్వాత చెప్పుల కోసం అరుగు కింద చూసింది.

గుండె మందుల సంగతి చెప్పబోయింది సుచిత్ర. ముసలమ్మ వినలే. కోహెడ మీదికెల్లి హుస్నాబాద్ పోయే బస్సు ఎన్నింటికి ఉన్నదని అడిగింది.

“అవ్వా, నలభై ఏండ్లైంది. ఆయన ఉన్నడో లేడో,” అన్నడు దేవదాసు.

“సచ్చి ఉంటే వాని పిడికెడు వాని ఇంట్ల పోసి వస్త,” అన్నది కనకవ్వ కొంగు ముడులు బిగించుకుంట. “బతికుంటే ఈ రెండోది, మీ నాయినది, పొయ్యాల్నా వద్దా, వాన్నే అడుగుత.”